చన్నీళ్ళ సర్క్యులర్

బోనెల తవిటినాయుడు ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో చేసింది ఒక్కటే పని. ఉప్పు మీద వేణ్ణీళ్ళు పోశాడు. పదిమందిలో గొప్పగా చెప్పుకునే పనేం కాదది. పెళ్ళిచూపుల్లో అల్లుడేం చేస్తుంటాడని మామగారు అడిగితే, మధ్యవర్తి "కెమికల్ లైన్లో ఉన్నాడు" అని చెప్పి గట్టెక్కించాడు.

రైలు గేటు దాటాక, ఊరి చివర ఉంటుంది రాష్ట్ర ఔషధ లవణాల సంస్థ. అందులో తయారయ్యే ముఖ్యమైన ఉప్పు లిథియం కార్బొనేట్. దాని తయారీ బ్రహ్మవిద్యేం కాదు. ఒక తొట్టెలో లిథియం క్లోరైడ్ నీళ్ళు, ఇంకో తొట్టెలో సోడా నీళ్ళు. రెంటినీ బాగా కాచి కలిపితే, అప్పటిదాకా తేటగా ఉన్న నీళ్ళు విరిగిన పాలలా అయి, అడుక్కి తెల్లని పొడి దిగుతుంది. దాన్ని గుడ్డ మీద వడగడతారు. ఆ పొడికి మామూలు ఉప్పు, అంటే మనం కూరలో వేసుకునేదే, కొంత అంటుకుని ఉంటుంది. అది వదలాలంటే కడగాలి. కడిగేది తవిటినాయుడు. మరిగే నీళ్ళతో, రెండే రెండు సార్లు.

ఆ ఉప్పు గుణం ఒకటి ఇక్కడే చెప్పాలి. లోకంలో చాలా ఉప్పులు వేడి తగిలితే ఇంకా తొందరగా కరుగుతాయి. దీనిది ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. గద్దిస్తే బిగుసుకుంటుంది, చల్లగా మాట్లాడితే కరిగిపోతుంది. మరిగే నీళ్ళలో కరిగేది చన్నీళ్ళలో కరిగేదానికి సగం. ఉద్యోగంలో చేరిన రోజే అప్పటి ఫోర్‌మాన్ ఈ సంగతి తవిటినాయుడికి చెప్పాడు. ఎందుకని అడిగితే "అదంతే" అన్నాడు. తవిటినాయుడికి ఆ జవాబు సరిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ ఉప్పు ఒక్కసారైనా మాట తప్పలేదు. మనుషుల గురించి అతను అంత ధైర్యంగా చెప్పలేడు.

కడిగిన పొడి ఆరాక పక్క షెడ్డులో మాత్రలవుతుంది. ఆ మాత్రలు మానసిక ఆసుపత్రికి ఉచితంగా వెళతాయి. అక్కణ్ణుంచి నెలకో పొట్లం తవిటినాయుడి చెల్లెలు ఎర్నమ్మ చేతికి వస్తుంది.

పదహారేళ్ళ కిందట ఎర్నమ్మకి జబ్బు చేసింది. తొమ్మిది రోజులు కునుకు లేదు, అలుపూ లేదు. ఇంట్లో ఇత్తడి సామానంతా దారినపోయేవాళ్ళకి పంచిపెట్టింది. విమానాలు దిగడానికి చోటు కావాలని ఎవరిదో నువ్వుచేలో సున్నంతో గీతలు గీసింది. ఆ తర్వాత మూడు నెలలు గోడవైపు తిరిగి పడుకుని, కన్నబిడ్డ పిలిచినా పలకలేదు. డాక్టరు ఈ మాత్ర మొదలుపెట్టాక మనిషి మనిషైంది. ఇప్పుడు బస్టాండు ఎదురుగా ఇడ్లీ బండి నడుపుతుంది. అల్లం చట్నీకి పేరు తెచ్చుకుంది. పోనీ బయట కొనుక్కోవచ్చు కదా అంటే, ఆ ఊళ్ళో ఉన్న మూడు మందుల షాపులవాళ్ళూ చీటీ చూసి తల అడ్డంగా ఊపేవారు. లాభం రాని మందు ఎవడు తెచ్చి పెట్టుకుంటాడు?

"అన్నియ్యా, నువ్వు కడిగిన ఉప్పే నన్ను నిలబెట్టినాది" అంటుంది ఎర్నమ్మ. అందుకే తవిటినాయుడు నీళ్ళు మరిగాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసి మరీ పోసేవాడు.

ఆ సంస్థకి మేనేజింగ్ డైరెక్టరుగా చక్రధరరావు గారు వచ్చారు. అంతకు ముందు ఆరేళ్ళు ఆయన శీతల గిడ్డంగుల సంస్థని ఏలారు. బంగాళాదుంపలు, మిరపకాయలు, రొయ్యలు: చల్లగా పెట్టినవి బతికాయి, వేడెక్కినవి కుళ్ళాయి. ఆరేళ్ళలో ఆయన సంపాదించిన జ్ఞానం అదొక్కటే. ఒకే ఒక్క జ్ఞానం ఉన్నవాడు దాన్ని వాడని చోటుండదు.

చేరిన మూడో రోజున ఏడుగురు అధికారుల్ని వెంటేసుకుని వడపోత షెడ్డుకి వచ్చారు. ఆవిరిలో తవిటినాయుడు లీలగా కనిపించాడు.

"ఏమిటయ్యా ఇది?"

"ఉప్పు కడుగుతున్నానండి."

"దేంతో?"

"ఏణ్నీళ్ళతోనండి బాబూ. మరిగిన నీళ్ళు."

చక్రధరరావు గారు అధికారుల వైపు తిరిగి చిన్నగా నవ్వారు. "ఉప్పు మీద మరిగే నీళ్ళు! పంచదార వేడి టీలో వేస్తే ఏమవుతుంది?"

"కరుగుతుంది సార్" అన్నారు ఏడుగురూ ఒకే గొంతుతో. వాళ్ళలో ఇద్దరు రసాయన శాస్త్రం ఎమ్మెస్సీలు.

వెనకగా నిలబడ్డ వేదవతి ఒక్కతే నోరు తెరిచింది. ఆ పిల్ల నాణ్యత పరీక్షల విభాగంలో కెమిస్టు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. "సార్, పంచదార వేరు. లిథియం కార్బొనేట్‌కి వేడి పెరిగేకొద్దీ కరిగే గుణం తగ్గుతుంది."

"ఇది సంస్థ అభిప్రాయమా? మీ వ్యక్తిగత అభిప్రాయమా?"

"పుస్తకంలో ఉంది సార్."

"ఆ పుస్తకం ఏ సంవత్సరంలో అచ్చయింది?"

వేదవతి చెప్పింది. ఆయన మళ్ళీ నవ్వారు. "నా సర్క్యులర్ ఈ సంవత్సరానిది."

సాయంత్రానికల్లా అది గోడకెక్కింది. "విషయము: ఉష్ణజల క్షాళన పద్ధతిని రద్దు చేయుట గురించి. సంస్థయందు లవణములను వేడినీటితో కడుగు దురాచారము చిరకాలముగా కొనసాగుచున్నట్లు దృష్టికి వచ్చినది. ఇందుమూలముగా సమస్త లవణములను తక్షణము చల్లని నీటితో మాత్రమే కడుగవలెనని ఆదేశించడమైనది. లవణములు సహకరించవలెను." చివరి వాక్యం టైపిస్టు పొరపాటని కొందరన్నారు. కాదు, ఆయనే చెప్పి వేయించారు.

వేణ్ణీళ్ళ వల్ల ఇరవై ఎనిమిదేళ్ళలో ఎంత ఉప్పు నష్టపోయామో తేల్చమని ఒక ఉపసంఘం కూడా వేశారు. ఉపసంఘం రెండు రోజులు విశ్రాంతి భవనంలో కూర్చుని, ఇంతవరకూ తయారైనదానికి సరిగ్గా రెట్టింపు నష్టపోయామని తేల్చింది. నష్టాన్ని అంత కచ్చితంగా కనిపెట్టినందుకు వాళ్ళని శాలువాలతో సత్కరించారు.

మర్నాడు తవిటినాయుడు మొదటిసారి చన్నీళ్ళు పోశాడు. పోస్తుంటే సొంత బిడ్డని నూతిలోకి దించుతున్నట్టుగా ఉంది. రోజూ తొంభై కిలోలు దిగే బ్యాచి ఆ రోజు డెబ్భై ఎనిమిది తూగింది.

"నీళ్ళు చాలినంత చల్లగా లేవు" అన్నారు ఎం.డి. గారు.

చల్లబరిచే యంత్రం బిగించారు. నీళ్ళు చల్లబడ్డాయి కనక ఇక ధైర్యంగా కడగొచ్చని, కడగడం రెండుసార్ల నుంచి ఎనిమిదిసార్లకి పెంచారు. బ్యాచి ముప్ఫై ఐదుకి దిగింది. అప్పుడు రొయ్యలవాళ్ళ దగ్గర్నుంచి ఐసు దిమ్మలు లారీల్లో తెప్పించి, సుత్తులతో కొట్టి తొట్టెల్లో వేశారు. పదిహేడు కిలోలు. ప్రతి మెట్టులోనూ ఎం.డి. గారి విశ్వాసం పెరుగుతూనే వచ్చింది. "ఇంత చల్లబరిచినా ఇంత పోతోందంటే, వేణ్ణీళ్ళతో ఎంత పోయేదో ఊహించుకోండి!" అన్నారు. ఊహించుకుని ఏడుగురూ గుండెల మీద చేతులు వేసుకున్నారు.

ఎటు తిరిగీ తప్పు వేడిదే అని తేలింది కనక వేడి ఎక్కడున్నా వదలకూడదనుకున్నారు. బాయిలరు ఊడదీశారు. పొడి ఆరబెట్టే గది మూసేశారు. ఆరుబయట ఆరబెడదామంటే ఎండ కూడా వేడే కదా అన్నారు. గేటు దగ్గర కార్మికుల ఫ్లాస్కులు లాక్కుని, పులుసు క్యారేజీలు మూత తీసి, చల్లారేదాకా లోపలికి రానిచ్చేవారు కాదు. క్యాంటీన్లో టీ చల్లార్చి పోశారు. వేదవతి జ్వరమని సెలవు చీటీ పంపితే, "నిర్ణీత ఉష్ణోగ్రతను అతిక్రమించినందులకు సంజాయిషీ ఇవ్వవలెను" అని మెమో వెళ్ళింది. ఇంధనం ఆదా చేసినందుకు రాజధానిలో ఎం.డి. గారికి జ్ఞాపిక ఇచ్చారు. అది గాజుతో చేసిన మంచుబిందువు.

ఉప్పు మాత్రం రోజురోజుకీ తరిగిపోతోంది. నీళ్ళ తప్పు కాదు, ఎందుకంటే నీళ్ళు చల్లగా ఉన్నాయి. సర్క్యులర్ తప్పు కాదు, ఎందుకంటే అది సర్క్యులర్. మిగిలింది మనుషులే కనక, దొంగతనం జరుగుతోందని తీర్మానించారు.

విచారణ బాధ్యత భద్రతాధికారి వీరాస్వామికి అప్పగించారు. ఆయన ఎస్సైగా చేసి రిటైరైన మనిషి. లిథియం ఉప్పుని మంటలో పెడితే కుంకుమ రంగులో మండుతుందని ఎవరో చెప్పారాయనకి. ఇంకేం, వడపోత షెడ్డు కార్మికులు పద్నాలుగు మందినీ వరసలో నిలబెట్టి, పది నిమిషాల మంటకి ప్రత్యేక మినహాయింపు తెచ్చి, ఒక్కొక్కడి చెమటలో తీగ ముంచి మంటలో పెట్టమని వేదవతికి పురమాయించాడు. ఎర్రగా మండినవాడు దొంగ.

అందరి చెమటా పచ్చగా మండింది.

"చెమటలో ఎవరికైనా మామూలు ఉప్పు ఉంటుంది సార్" అంది వేదవతి. "దాని రంగు పసుపు. పక్కన ఎరుపున్నా కనపడనివ్వదు. ఈ పరీక్ష వల్ల ఏమీ తేలదు."

వీరాస్వామి కళ్ళు మెరిశాయి. "అంటే ఎరుపు కనపడకుండా పసుపు అడ్డం పెట్టారన్నమాట. పద్నాలుగు మందీ ఒకే పద్ధతిలో అడ్డం పెట్టారంటే, ఇది ముఠా!"

"మీ చెమట కూడా పచ్చగానే మండుతుంది సార్."

"చెమట పట్టే పని నేను చెయ్యను" అన్నాడు వీరాస్వామి గంభీరంగా. ఎం.డి. గారికి అసలే చెమట పట్టదు కనక ఆయన నిర్దోషిత్వం కూడా నివేదికలో రాశారు.

ఈలోగా అసలు దెబ్బ తగలవలసిన చోట తగిలింది. మాత్రల షెడ్డుకి పొడి సరిగా అందడం లేదు. ఆసుపత్రి నుంచి ఎర్నమ్మకి నెల పొట్లానికి బదులు వారం పొట్లం ఇచ్చి, "పై నుంచి రావడం లేదమ్మా" అన్నారు. ఆ చిన్న పొట్లాన్ని తవిటినాయుడు అరచేతిలో పెట్టుకుని తూచి చూశాడు. చూస్తూ ఊరుకోకూడదనుకున్నాడు. జీవితంలో మొదటిసారి పై అంతస్తు మెట్లెక్కాడు.

అతని చేతిలో స్టీలు చెంబు ఉంది. చెంబులో, ఉప్పు కడిగాక కాలవలోకి పోయే నీళ్ళు. బోర్డు గదిలో సమావేశం జరుగుతోంది. బల్ల చివర గాజు కెటిల్ ఉంది. ఊరందరి టీ చల్లారినా ఎం.డి. గారి కాఫీ చల్లారలేదు.

"బాబూ, ఓ పాలి ఈ నీళ్ళు అందులో మరిగించి సూడండి. నాను సెప్పక్కర్నేదు, ఉప్పే సెప్తాది."

ఏ కళనున్నారో, ఎం.డి. గారు ఒప్పుకున్నారు. నీళ్ళు పోశారు. మంచినీళ్ళలా తేటగా ఉన్నాయి. వేడెక్కాయి. మరుగుతుండగా నీళ్ళు మసకబారి, చూస్తుండగానే తెల్లని నలుసులు పుట్టి, గాజు అడుగున పొరలా దిగాయి. ఏడుగురు అధికారులూ మెడలు చాపి చూశారు.

"సూసినారా? సన్నీళ్ళలో కరిగి కాలవంట ఎల్లిపోతోందండి. ఏడి తగిల్తే బైటికొచ్చేస్తాది. దొంగలెవుల్నేరు బాబూ. నీళ్ళే అట్టుకెల్లిపోతన్నాయి."

పరీక్షల నివేదికతో వచ్చి ఓ మూల నిలబడ్డ వేదవతి తవిటినాయుడి వైపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకి ఈ మాట గెలిచిందనుకుంది.

చక్రధరరావు గారు కెటిల్‌ని అటూ ఇటూ తిప్పి చూశారు. "అంటే, సంస్థ ఉప్పు నీళ్ళ రూపంలో గోడ దాటిపోతోందని నువ్వే ఒప్పుకుంటున్నావు."

"అవునండి."

"ఆ నీళ్ళు పోసేది ఎవరు?"

"నానేనండి."

"కరిగిన ఉప్పుని మళ్ళీ బయటకి తీసే విద్య కూడా నీకు తెలుసు."

"తెల్సండి."

ఎం.డి. గారు వెనక్కి వాలారు. వీరాస్వామి ప్రశ్నలూ జవాబులూ వరసగా రాసుకుని, కింద "నేరాంగీకారం" అని గీత గీశాడు. ఉప్పును ద్రవరూపంలో అపహరించిన అభియోగం మీద తవిటినాయుడిని ఆ మధ్యాహ్నమే సస్పెండ్ చేశారు. కెటిల్‌ని సాక్ష్యం కింద సీలు వేశారు. అతను మెట్లు దిగుతుంటే వెనక ఎవరో "మన కెటిల్లో ఎంత తెలివిగా చేశాడో చూడండి!" అనడం వినిపించింది. అతనికి ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఉప్పుకి ఉపయోగపడి, మనుషులకి అర్థం కాకుండా మిగిలానే అనిపించింది, అంతే.

ఇక దొంగ చేతికి చిక్కకుండా, వడకట్టిన గుడ్డ మీద నుంచి ఉప్పుని అప్పటికప్పుడే తూచెయ్యాలని కొత్త ఉత్తర్వు వచ్చింది. తూచారు. ఐసు ముక్కలతో సహా తూచారు. బ్యాచి నూట నలభై కిలోలు. సంస్థ చరిత్రలో లేని దిగుబడి. తవిటినాయుడు పోగానే ఉప్పు పెరిగింది కనక దొంగ అతనేనని రుజువు కూడా అయిపోయింది. మాత్రల షెడ్డుకి చేరేసరికి డ్రమ్ముల నిండా నీళ్ళూ, అడుగున గుప్పెడు పొడీ ఉండేవి. నీళ్ళని మాత్రలుగా కొట్టే యంత్రం ఇంకా రాలేదు కనక మాత్రలు పూర్తిగా ఆగిపోయాయి. తప్పు యంత్రానిదని రాశారు.

ఎర్నమ్మ పొట్లం అయిపోయింది.

తవిటినాయుడు కాలవ నీళ్ళు బిందెతో తెచ్చి, ఇంట్లో పొయ్యి మీద మరిగించాడు. గిన్నె అడుగున చారెడు ఉప్పు దిగింది. అది చూస్తూ కూర్చున్నాడు. కిలోల లెక్క తెలిసినవాడే కానీ అతనికి మాత్రల లెక్క తెలియదు. కొంచెం తక్కువైతే పనిచెయ్యదనీ, కొంచెం ఎక్కువైతే విషమనీ, అందుకే నెత్తురు పరీక్ష చేసి మరీ ఇస్తామనీ డాక్టరు ఎన్నోసార్లు చెప్పాడు. పైగా అది కాలవ నీళ్ళలో ఉప్పు. మందు చేతిలో ఉండి చెల్లెలికి పెట్టలేని అన్న, అప్పుడు ఏడ్చాడు. గిన్నె తీసుకెళ్ళి పారబోశాడు.

పన్నెండో రోజుకి ఎర్నమ్మ నిద్రపోవడం మానేసింది. మూడు వందల ఇడ్లీలు బస్సుల కిటికీల్లోంచి లోపలికి ఊరికే ఇచ్చేసింది. బండి అమ్మేసి పీతల ఎగుమతి మొదలుపెడతానంది. "నాకేటీ అవ్వనేదు అన్నియ్యా! నాకిప్పుడు అన్నీ తెలిసిపోతన్నాయి" అంది. ఆ మాట తవిటినాయుడు పదహారేళ్ళ కిందట విన్నాడు. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్దామని ఆటో పిలుచుకొచ్చేసరికి మనిషి ఇంట్లో లేదు.

ఆ రోజు సంస్థలో శీతల విజయోత్సవం. షామియానా కింద ఎం.డి. గారు మాట్లాడుతున్నారు. రాబోయే అయిదేళ్ళలో ఈ జిల్లాలోని సమస్త లవణాలనీ సున్నా డిగ్రీలకి తీసుకువస్తామని ప్రకటిస్తున్నారు. తవిటినాయుడు గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చేసరికి ఎర్నమ్మ వేదిక ఎక్కేసింది. నెత్తిన కనకాంబరాల దండ, కళ్ళలో మెరుపు. అడ్డుకోబోయిన వీరాస్వామి చేతిలోంచి మైకు లాగేసుకుంది.

"సున్నా డిగ్రీలేటి బాబూ, సిన్న మాట! సముద్రాన్నే గడ్డ కట్టించీగల్ను నాను. హిమాలయాల కాణ్ణించి గొట్టాలేసీండి. దార్లో ఊరూరికీ ఓ కుళాయి. ఫేక్టరీ గోడలన్నీ పడగొట్టీసి ఐసుతో కట్టీండి. కరిగిపోతే మల్లీ కట్టీడమే, పదిమందికి పని! ఉప్పుని కడగడం కాదు, ముందు నీళ్ళని కడగండి. ఆ నీళ్ళని కడగడానికి ఏరే నీళ్ళు తెప్పించండి!"

ఊపిరి తీసుకోకుండా పదిహేను నిమిషాలు మాట్లాడింది. గేటు కమ్మీలు పట్టుకుని తవిటినాయుడు లోపలికి రానివ్వమని బతిమాలాడు. నవ్వుతారు, తరిమేస్తారు, రాళ్ళు వేస్తారేమో అని భయపడ్డాడు.

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఏడుగురూ డైరీల్లో రాసుకుంటున్నారు. ఎం.డి. గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "నీటిని కడగడం! ఇంతకాలం ఈ కోణం మన దృష్టికి రాలేదు. ఈవిడ ఏ విశ్వవిద్యాలయం?"

"అదీ... బస్టాండు ఎదురుగా సార్" అన్నారెవరో.

"ప్రజల్లోంచి పుట్టిన శాస్త్రవేత్త అన్నమాట!" అక్కడికక్కడే శాలువా కప్పి, శీతలీకరణ సంఘానికి గౌరవ సలహాదారుగా ప్రకటించారు. ఎలాగో లోపలికొచ్చిన తవిటినాయుడు చెల్లెలి చెయ్యి పట్టుకుని బయటకి నడిపిస్తుంటే, సస్పెండైన దొంగ సలహాదారు గారి చెయ్యి పట్టుకున్నాడని వీరాస్వామి కేకలేశాడు. ఇన్నాళ్ళ తన తిప్పలకంటే ఆ చప్పట్లే తవిటినాయుడిని ఎక్కువ గాయపరిచాయి. చెల్లెలికి జబ్బని ఆ షామియానా కింద ఒక్కడికైనా తెలియలేదు. తెలియడానికి అక్కడ తేడా ఏముంది?

పట్నం డాక్టరు మంచివాడు. సూది మందుతో ముందు నిద్రపుచ్చి, పక్క రాష్ట్రంలో తన స్నేహితుడికి ఫోన్ చేసి నెలకు సరిపడా మాత్రలు తెప్పించాడు. "మళ్ళీ అడిగితే వాళ్ళూ ఇవ్వలేరు" అని ముందే చెప్పాడు. రెండు వారాలకి ఎర్నమ్మ నెమ్మదించింది. తాను చేసినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని, రెండు రోజులు ఎవరి మొహమూ చూడలేదు. మూడో రోజు లేచి, బండి మీద పొయ్యి వెలిగించింది.

ఆ వారమే కారు వచ్చింది. నీళ్ళను కడిగే పథకం మీద తుది సమావేశం, సలహాదారు గారు తప్పక హాజరు కావాలన్నారు. "రానని సెప్పీ" అన్నాడు తవిటినాయుడు. ఎర్నమ్మ చెయ్యి తుడుచుకుని, "ఎల్దారి అన్నియ్యా. నన్ను నోపలికి రానిత్తారు కదా" అంది.

బోర్డు గదిలో అందరూ లేచి నమస్కారం పెట్టారు. గోడ మీద హిమాలయాల నుంచి గీసిన ఎర్రగీత పటం ఉంది. "మేడమ్ గారు మార్గదర్శనం చెయ్యాలి" అన్నారు చక్రధరరావు గారు.

ఎర్నమ్మ కుర్చీ అంచున కూర్చుంది. గొంతు పెద్దగా లేవలేదు.

"బాబూ, నాకు ఇడ్లీలు తెల్సు, ఉప్పు తెల్దు. మా అన్నియ్య ఇరవై ఎనిమిదేళ్ళు ఏణ్నీళ్ళు పోసినాడు. ఆ మాతరలేసుకుని నాను పదారేళ్ళు పొయ్యి కాడ కుదురుగా కూకున్నాను. మీరు సన్నీళ్ళు పోయించినారు. నాను కనకాంబరాలెట్టుకుని మీ మైకు లాక్కున్నాను. ఆ రోజు నాకు ఒల్లు బాగోనేదు బాబూ. ఆ మాటలన్నీ జబ్బు మాటలు. ఇంతకంటే రుజువేటి కావాల? ఏణ్నీళ్ళు పోయించండి. నానాగ ఎంతమంది సూత్తన్నారో ఆ మాతర కోసం."

గదిలో అధికారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేదవతి తల వంచుకుంది. చక్రధరరావు గారి మొహంలో నిజమైన జాలి కనిపించింది.

"అయ్యో" అన్నారాయన, పక్కవాడితో, మెల్లగా. "ఎంత గొప్ప బుర్ర! ఇలా అయిపోయిందేమిటి?"

ఉత్తర్వు నాలుగు రోజుల తర్వాత బండి దగ్గరికే వచ్చింది. తవిటినాయుడు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "శ్రీమతి ఎర్నమ్మ గారి మానసిక స్థితి సలహాదారు హోదాకు తగినట్లుగా లేనందున, వారిని సంఘము నుండి తొలగించడమైనది. వారు త్వరగా కోలుకొని పూర్వపు ప్రతిభను తిరిగి పొందవలెనని సంస్థ ఆకాంక్షించుచున్నది. వారు లోగడ చేసిన సూచనలు యథాతథముగా అమలు చేయబడును."

ఎర్నమ్మ చదవమని రెండోసారి అడగలేదు. ఇడ్లీ పాత్ర మూత తీసి, వాయి దింపి, బస్సు కోసం నిలబడ్డవాళ్ళకి రెండేసి పెట్టి ఇచ్చింది. జనం కాస్త పలచబడ్డాక, పమిట చెంగు ముడి విప్పి, అన్న ఎదురుగా పరిచింది.

"నువ్వోపాలి లెక్కెట్టు అన్నియ్యా. నాకు పన్నెండే వత్తన్నాయి."

తవిటినాయుడు ఒక్కొక్క మాత్రే పక్కకి జరుపుతూ లెక్కపెట్టాడు. రోజుకి రెండు. ఆరు రోజులు.